ఓడ ఎక్కేలోపు ముప్పై గంటలు

అమ్మానాన్నల షష్టిపూర్తికి పట్టుబట్టలు పెట్టి ఊరుకునే పిల్లలు తగ్గారు. సియాటిల్‌లోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు అలాస్కా క్రూజ్ బుక్ చేసేసి, "నాన్నా, మీరు విమానం ఎక్కండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అంటాడు. కష్టమంతా ఆ "ఎక్కండి చాలు" దగ్గరే ఉంది. ఓడలో గది, పక్క, తిండి, డాక్టరు అన్నీ అమర్చే ఉంటాయి. అక్కడిదాకా చేరడమే అసలు ప్రయాణం.

ఒకసారి లెక్క వేద్దాం. శుక్రవారం రాత్రి 8 గంటలకు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇంటికి తాళం వేశారనుకోండి. విమానం తెల్లవారుజామున 4 గంటలకు చెన్నైలో. గల్ఫ్‌లో దిగడానికి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటల కాచుకోవడం, ఆపైన సియాటిల్‌కు పద్నాలుగున్నర గంటలు. దిగేసరికి అక్కడ శనివారం మధ్యాహ్నం ఒంటిగంట. నెల్లూరులో అప్పటికి ఆదివారం, రాత్రి ఒకటిన్నర. గడప దాటి ఇరవై తొమ్మిదిన్నర గంటలైంది. ఇమిగ్రేషన్ వరస, సామాను, హోటల్ దాకా కారు కలిపితే ముప్పై ఒకటో ముప్పై రెండో. ఒంగోలు వాళ్లు ఇంకో రెండు గంటలు కలుపుకోవాలి.

ఈ ప్రయాణం ఎలా తట్టుకోవాలని ఎవరిని అడిగినా మెడదిండు కొనమంటారు, నీళ్లు బాగా తాగమంటారు. రెండూ తప్పేమీ కాదు. అయితే సీట్లో కూర్చున్న గంటలు ఈ చిక్కులో ఒక పోగు మాత్రమే. ఇందులో మూడు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి ఓడది, ఒకటి విమానాలది, ఒకటి ఒంటిది. ఒకదాని కోసం ఇంకోటి ఆగదు. ఈ మూడింటినీ విడదీసి చూస్తే డబ్బు, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో తేలుతుంది. నా మటుకు నేను చెప్పేదొకటే: బాల్కనీ ఉన్న గదికి పోసే అదనపు డబ్బు కంటే, ఓడ ఎక్కే ఊళ్లో ముందే రెండు రాత్రులు పడుకోవడానికి పెట్టే డబ్బు ఎక్కువ పని చేస్తుంది.

ఓడ బయల్దేరే గంట

విమానం తప్పితే తర్వాతి విమానం ఉంటుంది. ఓడ తప్పితే తర్వాతి ఓడ ఉండదు, మీ టికెట్ ఆ ఓడకే. సాయంత్రం 4కు బయల్దేరే ఓడకు గంట, గంటన్నర ముందే ఎక్కడం ఆపేస్తారు. రేవు అద్దె, ఓడకు రేవులో దారి చూపే పైలట్, తర్వాతి రేవులో కేటాయించిన చోటు, ఇవన్నీ నిమిషాల లెక్కన కుదుర్చుకున్నవి కాబట్టి మన ఇద్దరి కోసం వేలమందిని ఆపరు.

"తప్పితే ఏముంది, తర్వాతి రేవులో ఎక్కేస్తాం" అనుకుంటారు చాలామంది. ఇక్కడే పెద్ద మెలిక ఉంది, దీని సంగతి బుకింగ్ చేసిన పిల్లలకు కూడా తరచూ తెలియదు. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఇంకా అమల్లో ఉంది. అమెరికాలో కట్టి, అమెరికా జెండా కట్టుకున్న ఓడలు తప్ప మిగతావి ఒక అమెరికా రేవులో మనుషుల్ని ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించకూడదన్నది దాని సారం. తమ ఓడల వ్యాపారాన్ని కాపాడుకోవడానికి చేసుకున్న చట్టం. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల జెండాలతో తిరిగేవే. ఎక్కిన రేవులోనే దించేట్టయితే మధ్యలో ఏదో ఒక విదేశీ రేవు తాకితే సరిపోతుంది. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లొచ్చే ఓడలు చివర్లో కెనడాలోని విక్టోరియా దగ్గర ఓ సాయంత్రం ఆగేది ముఖ్యంగా అందుకే.

ఇప్పుడు సియాటిల్‌లో ఓడ తప్పింది, మీరు విమానంలో అలాస్కాలోని కెచికానో జూనోనో వెళ్లి ఎక్కాలనుకున్నారు. అప్పుడు మీరు ఎక్కేది ఒక అమెరికా రేవు, దిగేది ఇంకో అమెరికా రేవు. చట్టం దృష్టిలో అది కుదరదు. విక్టోరియా విదేశీ రేవే అయినా, దగ్గరిది కాబట్టి లెక్కకు రాదు. దక్షిణ అమెరికా అంత దూరపు రేవైతేనే వస్తుంది. చట్టం మీరితే మనిషికి ఇంత అని జరిమానా కట్టాల్సింది ఓడ కంపెనీ, కాబట్టి వాళ్లు మొహమాటం లేకుండా వద్దంటారు. అదే కెనడాలోని వాంకూవర్‌లో ఎక్కి వాంకూవర్‌లోనే దిగే ఓడైతే ఈ చట్టం అడ్డు రాదు, మధ్యలో కలుసుకోవచ్చు, వీసాలు సరిగ్గా ఉంటే. యూరప్ రేవుల్లో ఈ తలనొప్పి లేదు: బార్సిలోనాలో తప్పినది మార్సెయిల్లో అందుకోవచ్చు, ఖర్చు మనదే.

వీసాల విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సియాటిల్ ఓడ విక్టోరియాలో ఆ కాసేపు ఆగినా సరే, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా కావాలి. మీరు ఒడ్డుకు దిగకుండా గదిలోనే కూర్చుంటామన్నా కావాల్సిందే. గ్రీన్‌కార్డు ఉన్న కొడుక్కి అక్కర్లేదు, అందువల్ల అమ్మానాన్నలకూ అక్కర్లేదేమో అని అతను అనుకునే ప్రమాదం ఉంది. అమెరికా వీసా కూడా ఎన్నిసార్లైనా రావడానికి వీలైనదే అయ్యుండాలి, ఎందుకంటే కెనడా జలాల్లోకి వెళ్లి మళ్లీ అమెరికాలోకి వస్తున్నారు. యూరప్ క్రూజ్‌లో ఓడ మధ్యలో టర్కీ వైపో బ్రిటన్ వైపో వెళ్లొస్తే, చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకూ ఇదే సూత్రం. ఈ కాగితాలు రేవులో చూస్తారు. ముప్పై గంటలు ప్రయాణం చేసి వచ్చారన్న జాలి ఆ కౌంటర్లో పనిచేయదు.

నెల్లూరు వైపు నుంచి

మనకు విమానం ఎక్కే ఊరు ఇంట్లో లేదు. దగదర్తి విమానాశ్రయం గురించి ఏళ్లుగా వింటూనే ఉన్నాం. నెల్లూరు, కావలి వాళ్లకు చెన్నై తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఒంగోలు, మార్కాపురం వాళ్లకు హైదరాబాద్ కూడా లెక్కలోకి వస్తుంది. మార్కాపురం నుంచైతే శంషాబాదే నయం. గన్నవరంలోనో రేణిగుంటలోనో దేశీయ విమానం ఎక్కి ఇంకో ఊళ్లో విదేశీ విమానం అందుకోవడం కాగితం మీద సుఖంగా కనిపిస్తుంది కానీ, ఒక కనెక్షన్ పెరిగిందంటే తెగే ముడి ఇంకోటి పెరిగినట్టే.

చెన్నై దారి మామూలు రోజుల్లో మూడున్నర, నాలుగు గంటలు. తడ దాటేదాకా కారు జోరుగా పోతుంది, గుమ్మిడిపూండి నుంచి లారీల రద్దీ మొదలవుతుంది. విమానాశ్రయం ఊరికి దక్షిణాన మీనంబాక్కంలో ఉంది, మనం దిగేది ఉత్తరాన. రెడ్‌హిల్స్ దాటాక బైపాస్ పట్టుకుంటే సరి, ఊళ్లోకి దూరితే గంట ఆవిరి. ఇదంతా ఈ వైపు వాళ్లకు తెలిసిందే. తెలిసినా లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది: క్యాలెండర్.

అలాస్కా ఓడలు సుమారు మే నుంచి సెప్టెంబరు దాకా తిరుగుతాయి. అప్పుడు మనకు ఎండలు, ఉక్కపోత తప్ప దారికి ఇబ్బంది లేదు. కానీ అంటార్కిటికా ఓడలు నవంబరు నుంచి మార్చి దాకా. కరీబియన్ క్రూజ్‌లకు మంచి గిరాకీ ఉండేదీ చలికాలంలోనే. ఆ ప్రయాణాలు బయల్దేరే నవంబరు, డిసెంబరు మన తీరానికి వాయుగుండాల నెలలు. 2021 నవంబరు పెన్నా వరదలో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, దామరమడుగు దగ్గర జాతీయ రహదారి తెగింది. కావలి, ఒంగోలు వైపు నుంచి చెన్నైకి రైలూ లేదు, రోడ్డూ లేదు. 2023 డిసెంబరు 4న మిగ్‌జాం తుపానుకు చెన్నై రన్‌వే మీద నీళ్లు నిలిచి విమానాశ్రయమే మూతపడింది. అలాంటి వారంలో మీ అంటార్కిటికా ఓడ అర్జెంటీనా దక్షిణపు కొసన ఉన్న ఉషువాయా రేవులో ఎండకు మెరుస్తూ టైముకు బయల్దేరుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఓడ ముందు రెండు రోజులు కాదు, మూడు రోజులు చేతిలో ఉంచుకోవాలి. బయల్దేరే ముందురోజే చెన్నై చేరి పడుకోవడం కూడా అందులో భాగమే.

టికెట్ ఒకటా, రెండా

ధర తక్కువని చెన్నై నుంచి లండన్‌కు ఒక టికెట్, లండన్ నుంచి ముందుకు ఇంకో కంపెనీ టికెట్ విడివిడిగా కొంటారు కొందరు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే రెండో కంపెనీకి మీతో సంబంధం లేదు, మీరు "రాని ప్రయాణికులు". మొత్తం ఒకే టికెట్ మీద ఉంటే, తప్పిన కనెక్షన్‌కు బదులు ఇంకో విమానం ఎక్కించాల్సిన బాధ్యత వాళ్లది. ఓడ ప్రయాణానికి వెళ్లేటప్పుడు ఈ తేడా విలువ మనిషికి ఐదారు వేల రూపాయల ఆదా కంటే చాలా ఎక్కువ. కొన్ని ఓడ కంపెనీలు విమానం టికెట్లు కూడా తామే అమ్ముతాయి. వాటి ద్వారా కొంటే ఆలస్యమైనప్పుడు ఓడను అందుకునే ఏర్పాటు చూస్తారు, అయితే ఓడ ఆగుతుందని ఎవరూ రాసివ్వరు.

అమెరికాలో ఇంకో సంగతి. మొదట అడుగుపెట్టిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది, సామాను తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాల్సి ఉంటుంది సాధారణంగా. న్యూయార్క్‌లో దిగి సియాటిల్ విమానం మారాలంటే రెండు గంటల వ్యవధి పెద్దవాళ్లకు చాలదు, మూడున్నర అయినా ఉండాలి. నేరుగా సియాటిల్లోనే దిగే విమానమైతే ఆ గండం చివర్లో వస్తుంది, అక్కడ ఎంత ఆలస్యమైనా తప్పిపోయేది ఏమీ లేదు. బ్యూనస్ ఏరీస్‌ది మరో తమాషా: విదేశీ విమానాలు ఎక్కువగా దిగేది ఎసైసాలో, ఉషువాయా విమానాలు చాలావరకు ఎగిరేది ఊళ్లోని ఆయెరోపార్కె నుంచి. మధ్యలో రద్దీ రోడ్డు మీద గంట ప్రయాణం. రెండూ ఒకే ఊరి పేరుతో ఉంటాయి కనుక టికెట్ చూసినప్పుడు తెలియదు.

ఇక పెట్టె రాకపోతే? ఇంటికి వెళ్లినవాళ్లకైతే రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు. ఓడ వెళ్లిపోయాక వచ్చిన పెట్టె మీ వెనక రేవు రేవునా తిరగాల్సిందే. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పోయిన, పాడైన, ఆలస్యమైన సామానుకు విమాన సంస్థ చెల్లించే గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకు వాడే కొలమానం), అంటే సుమారు రెండు వేల డాలర్లు. 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. ఆ డబ్బు వచ్చేది ఎప్పుడో. అందుకని భార్యాభర్తలు చెరో పెట్టెలో చెరి సగం బట్టలు సర్దుకోవడం మంచిది, ఒకటి పోయినా ఇద్దరికీ ఏదో ఒకటి మిగులుతుంది. ఒక ఉన్ని స్వెటరు, రెండు జతల బట్టలు, మందులన్నీ చేతి బ్యాగులో. రేవులో ఓడ వాళ్లు కూడా పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఆ లోపు మధ్యాహ్నం మాత్ర వేసుకోవాలి కదా.

సీట్లో కూర్చున్న ఒళ్లు

విమానం పదకొండు వేల మీటర్ల ఎత్తులో ఎగురుతున్నా లోపల గాలి ఒత్తిడి అంత తక్కువ ఉండదు. సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ఉంచుతారు. ఊటీ 2,240 మీటర్లు. అంటే పద్నాలుగు గంటలు ఊటీలో కుర్చీలో కూర్చున్నట్టు, చలి ఒకటి తక్కువ. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త విమానాల్లో ఇది 1,800 మీటర్ల దగ్గరే ఉంటుంది, తేమ కూడా కాస్త మెరుగు. ఒకే ధరకు రెండు విమానాలు దొరికితే నేను వీటినే ఎంచుకోమంటాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ తేడా అలసటగా మాత్రమే తెలుస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు, గుండె బలహీనత, బాగా రక్తహీనత ఉన్నవాళ్లు మాత్రం ముందే డాక్టర్ని అడగాలి, కొందరికి విమానంలో ఆక్సిజన్ ఏర్పాటు అవసరం పడుతుంది.

ఒత్తిడి తగ్గితే కడుపులో వాయువు పావు నుంచి మూడో వంతు దాకా ఉబ్బుతుంది. శనగలు, రాజ్మా, సోడాలు ఆ రోజుకు మానేస్తే మంచిది. చీర కట్టుకుని ప్రయాణం చేసే అమ్మలకు లంగా బొందు ఆరో గంటలో తెగ బిగుసుకున్నట్టు అనిపించేది ఇందుకే. చుడీదార్ సుఖం, చీరే కావాలంటే బొందు బదులు ఎలాస్టిక్ లంగా. తేమ ఇరవై శాతం లోపే ఉంటుంది కనుక, సముద్రపు గాలికి అలవాటు పడ్డ మన ముక్కు, గొంతు, కళ్లు ఎండుతాయి. దానికి గంటకో సీసా నీళ్లు తాగక్కర్లేదు, దాహం కంటే కొంచెం ముందుండి తాగితే చాలు. బాత్రూమ్‌కు లేవాల్సొస్తుందని నీళ్లు మానేయడమే మన పెద్దవాళ్ల అసలు అలవాటు, అది పోవాలి. ఇద్దరికీ నడవ పక్క సీట్లు, అటొకటి ఇటొకటి తీసుకుంటే ఎవర్నీ లేపకుండా లేవొచ్చు. కిటికీ ముచ్చట పగటి పూట చిన్న విమానంలో తీర్చుకోవచ్చు.

లేవడం ఎందుకంత ముఖ్యమంటే, కాళ్లలో రక్తం. పిక్కల కండరం కదిలినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది. గంటల తరబడి కదలకపోతే లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం నాలుగు గంటలకు మించిన ప్రయాణం తర్వాత ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. రెట్టింపు అనగానే గుండె ఆగక్కర్లేదు: ఆరోగ్యవంతుల్లో అది దాదాపు ఆరు వేల మందిలో ఒకరికి. అయితే అందులో రెండు విషయాలు మన వాళ్లకు నేరుగా తగులుతాయి. ఒకటి, ఆ ముప్పు విమానానిదే కాదు, కారు, బస్సు, రైలులో కదలకుండా కూర్చున్నా అంతే. అంటే నెల్లూరు నుంచి చెన్నై దాకా కారులో కూర్చున్న నాలుగు గంటలు కూడా ఆ ఖాతాలోకే వస్తాయి. సూళ్లూరుపేట దగ్గర కాఫీకి దిగి పది నిమిషాలు నడవాలి. రెండోది, ఎత్తు 160 సెంటీమీటర్ల లోపున్నవాళ్లకు ముప్పు ఎక్కువని ఆ అధ్యయనం తేల్చింది. పాదాలు నేలకు ఆనక, సీటు అంచు మోకాళ్ల వెనక ఒత్తుకుపోతుంది కాబట్టి. మన అమ్మలు, అత్తలు చాలామంది ఆ ఎత్తులోపే. చేతి బ్యాగునో దిండునో కాళ్ల కింద పెట్టి పాదాలు ఆనేట్టు చూసుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

ఇంతకుముందు గడ్డలు వచ్చినవాళ్లు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు, బాగా లావున్నవాళ్లు డాక్టరు మాట వినకుండా ఎక్కకూడదు. పిక్కలను పట్టి ఉంచే కంప్రెషన్ స్టాకింగ్స్ పనిచేస్తాయని ఆధారాలున్నాయి, కొలత సరిపోవాలి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేసుకోవడం మాత్రం వద్దు. నిద్రమాత్రలూ అంతే. ఆరేడు గంటలు కదలకుండా పడి ఉండడమే అవి చేసే పని, మనం వద్దనుకునేదీ అదే. ఉచితంగా పోస్తున్నారు కదా అని విస్కీతో ఆ మాత్ర మింగే మహానుభావులకు చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

షుగరు ఉన్నవాళ్ల లెక్క వేరు. పడమరకు వెళ్తే రోజు సాగుతుంది, తూర్పుకు వస్తే కుంచించుకుపోతుంది. సియాటిల్ వెళ్లే శనివారం మనకు ముప్పై ఆరున్నర గంటలుంటుంది. దానికి ఇన్సులిన్ ఎన్నిసార్లు, ఎంతెంత అన్నది మీ డాక్టరు కాగితం మీద రాసివ్వాల్సిన విషయం, పక్కింటి ఆయన చెప్పేది కాదు. దారిలో ఉన్నంతసేపూ చేతి గడియారాన్ని మన టైములోనే ఉంచితే మాత్రల లెక్క తప్పదు. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టకూడదు, విమానం కింది అర చల్లగా ఉండి గడ్డకడితే అది పనికిరాదు. డాక్టరు చీటీ ఉంటే చేతి బ్యాగులో వంద మిల్లీలీటర్ల నియమం మందులకు అడ్డురాదు. భోజనం సంగతి టికెట్ కొన్నప్పుడే చెప్పాలి, హిందూ శాకాహారమో షుగరు భోజనమో కనీసం రెండు రోజుల ముందు. చక్రాల కుర్చీ సాయానికీ అంతే. నడవగలిగినా భాష భయంతో కుర్చీ అడిగేవాళ్లున్నారు. వాళ్లు దారి చూపే మనిషిని అడిగితే చాలు, చాలా సంస్థలు ఆ సాయం చేస్తాయి.

పచ్చళ్ల సంగతి చెప్పకపోతే ఈ వైపు వాళ్లు ఊరుకోరు. గోంగూర, ఆవకాయ చేతి బ్యాగులో పెడితే ద్రవాల లెక్కలో తీసి పక్కన పడేయొచ్చు. గట్టిగా ప్యాక్ చేయించి పెద్ద పెట్టెలో పెట్టి, అమెరికా కస్టమ్స్ దగ్గర తిండి ఉందని చెప్పాలి. పచ్చి కరివేపాకు మాత్రం అసలు కుదరదు, నిమ్మ జాతికి వచ్చే పురుగు భయంతో అక్కడ నిషేధం. ఇంట్లో వండిన తిండిని చాలా ఓడలు ఎక్కనివ్వవు కాబట్టి పులిహోర, మలై కాజా హోటల్లోనే ముగించాలి.

ఒంటి గడియారం

కళ్ల వెనక, మెదడులో ఓ చిన్న కణాల గుంపు మన ఒంటికి వేళలు చెబుతుంది. ఆకలి, నిద్ర, ఒంటి వేడి, జీర్ణం అన్నీ దాని మాట వింటాయి. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో విప్పి చెప్పినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు నోబెల్ వచ్చింది. దానికి సొంతంగా వదిలేస్తే రోజు ఇరవై నాలుగు గంటల కంటే కాస్త ఎక్కువ. అందుకే నిద్రను వెనక్కి జరపడం సులువు, ముందుకు లాగడం కష్టం. పడమర ప్రయాణం కంటే తూర్పు ప్రయాణం ఎక్కువ నలిపేది అందుకే. ఎంత చేసినా అది రోజుకు గంట, గంటన్నర కంటే జరగదు.

ఇప్పుడు ఓడల వారీగా చూడండి. బార్సిలోనాకు వేసవిలో తేడా మూడున్నర గంటలు. మూడు రోజుల్లో సర్దుకుంటుంది, అదీ సులువైన దిక్కున. సాయంత్రం వెలుతురులో బయట తిరిగి, ఆవలింతలొచ్చినా పదింటిదాకా ఆగితే చాలు. మయామీకి వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. సియాటిల్, వాంకూవర్‌లకు వేసవిలో పన్నెండున్నర, ఓడ అలాస్కా టైముకు మారితే ఇంకో గంట. ఏడు రాత్రుల క్రూజ్‌లో పన్నెండు గంటల తేడా సర్దుకోదు, సర్దుకునేలోపు ఓడ దిగే రోజు వస్తుంది. ఈ ఒక్క లెక్క ఒప్పుకుంటే చాలా ఆందోళన తగ్గుతుంది. ఈ వేళల తేడా తెచ్చే బడలికతో, అంటే జెట్‌ల్యాగ్‌తో, పోరాడే బదులు దాని చుట్టూ రోజును అమర్చుకోవచ్చు.

మన ఒంటికి గాఢనిద్ర వేళ తెల్లవారుజాము నాలుగు. సియాటిల్లో అది మధ్యాహ్నం మూడున్నర. కాబట్టి మొదటి రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కళ్లు మూతలు పడతాయి, రాత్రి రెండింటికి ఆకలేస్తుంది. వెలుతురే ఈ గడియారానికి కీ ఇచ్చేది. ఆ గాఢనిద్ర వేళకు ముందు పడ్డ వెలుతురు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది, తర్వాత పడ్డది ముందుకు లాగుతుంది. అందుచేత అక్కడ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బయట తిరిగి, నాలుగు తర్వాత నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే గడియారం ఒకే దిక్కుకు జరుగుతుంది. పొద్దంతా గదిలో పడుకుని సాయంత్రం డెక్ మీద ఎండలో కూర్చుంటే దిక్కు తారుమారవుతుంది. మధ్యాహ్నం కునుకు అలారం పెట్టుకుని అరగంట. నిద్ర హార్మోను మెలటోనిన్ మాత్ర కొందరికి సాయపడుతుంది గానీ రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు.

అలాస్కాలో ఇది ఒక రకంగా కలిసొస్తుంది. జూన్ చివర్లో జూనోలో సూర్యుడు నాలుగింటికి ముందే వస్తాడు. తెల్లవారుజామున మెలకువ వచ్చిన నెల్లూరు దంపతులకు డెక్ ఖాళీగా, మంచుకొండలు ఎదురుగా దొరుకుతాయి. మిగతావాళ్లు తొమ్మిదింటికి లేచి అద్దంలోంచి చూస్తారు. బదులుగా రాత్రి తొమ్మిదింటి షోలు వదులుకోవాలి. భోజనానికి రెండు వేళలు అడిగితే ముందుదే ఎంచుకోమని పిల్లలకు చెప్పండి.

సముద్రపు వికారానికి వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలు మత్తిస్తాయి, నోరు ఎండగొడతాయి. జెట్‌ల్యాగ్ మీద అది పడితే పగలంతా తూలుతూనే ఉంటారు, ఊగే ఓడలో తూలి పడితే తుంటి ఎముక. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు వాటిని డాక్టరు చెబితేనే వాడాలి. అలాస్కా ఓడలు చాలావరకు దీవుల మధ్య నీటిలో పోతాయి, అంతగా ఊగవు. అంటార్కిటికాకు మాత్రం రెండు రోజులు డ్రేక్ జలసంధి దాటాలి, అది పేరుమోసిన అల్లరి సముద్రం. రెండు రోజులు విమానాల్లో నలిగి, అదే రోజు ఓడెక్కి డ్రేక్‌లోకి పోవడం నేనైతే ఎవరికీ చెప్పను.

అన్నిటికంటే సులువైన ఉపాయం మన వాళ్లలో చాలామంది చేతిలోనే ఉంది, గమనించరు. పిల్లల దగ్గరికి ఎలాగూ మూడు నెలలో ఆరు నెలలో వెళ్తారు. వీసా వచ్చింది కదా అని దిగిన వారంలోనే క్రూజ్ పెట్టకుండా, మూడో వారం తర్వాత పెట్టించుకోండి. అప్పటికి ఒళ్లు ఆ ఊరి టైముకు వచ్చి ఉంటుంది, పోయిన పెట్టె కూడా వచ్చి ఉంటుంది, కొడుకింట్లో నుంచి రేవుకు దేశీయ విమానం నాలుగైదు గంటలు. పైన చెప్పిన చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోతాయి. పిల్లలు అక్కడ లేనివాళ్లు, ఓడ అనుభవం ఒక్కటే కావాలనుకునేవాళ్లు మొదట సింగపూర్ ఆలోచించొచ్చు: చెన్నై నుంచి నాలుగున్నర గంటల లోపు, తేడా రెండున్నర గంటలే.

బీమా తీసుకునేటప్పుడు క్రూజ్ అని విడిగా రాసి ఉందో లేదో, ఓడ నుంచి హెలికాప్టర్లో తరలించాల్సొస్తే ఇస్తారో లేదో, ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు సంగతి ఏమిటో చదవాలి. ఇక్కడి మామూలు మెడిక్లెయిమ్ విదేశాల్లో సాధారణంగా పనికిరాదు.

తిరుగు ప్రయాణానికి ఓడ తెల్లవారుజామున రేవు చేరినా దిగేసరికి తొమ్మిదో పదో అవుతుంది, పన్నెండు లోపు విమానం పెట్టుకోవద్దు. దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టుంటే కంగారొద్దు, అది తగ్గిపోతుంది. తగ్గిపోతుందని ఊరుకోకూడనిది వేరే ఉంది. గడ్డకట్టే ముప్పు విమానం దిగిన రోజుతో అయిపోదు, కొన్ని వారాల దాకా ఉంటుంది. నెల్లూరు వచ్చిన రెండు మూడు వారాల్లో ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వచ్చినా నరం పట్టేసిందని జండూబామ్ రాసి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరు అడగకపోయినా ఫలానా రోజున ఇన్ని గంటలు విమానంలో వచ్చామని మీరే చెప్పాలి.